పెద్దనాయన కాగితాలు ఎక్కడుంటే మేలు: ఇంట్లోనా, బ్రౌన్ కేంద్రంలోనా, ఇంటర్నెట్‌లోనా?

పెళ్లికి ముందు ఇంటికి సున్నం వేయించాలని మా పెద్దమ్మ పోయిన నెల ఫోన్ చేసింది. "ఆ గదిలో కాగితాలు ఏం చేసేది అబ్బీ? తూకానికి వేస్తే మీ పెద్దనాయన పైనుంచి తిడతాడు. ఉంచితే చెదలు తింటాయి" అంది.

మా పెద్దనాయన కడప జిల్లాలో తెలుగు అయివారు. ఆదివారం వస్తే సైకిలెక్కి ఏదో ఒక ఊరికి పోయేవాడు. గుడి ముందు రాయి, చేలో వీరగల్లు (పోరులో చచ్చినవాడి గుర్తుగా నిలిపిన రాయి), ముసలాయన చెప్పే కథ, ఏది దొరికితే అది రాసుకొచ్చేవాడు. పుస్తకంగా అచ్చయింది మాత్రం ఏమీ లేదు. మిగిలింది రెండు ఇనప పెట్టెల నోటుపుస్తకాలు, శాసనాల మీద కాగితం పరిచి సిరాతో తీసిన ఎస్టాంపేజీల చుట్టలు, పోస్టుకార్డులు, నలభైకి పైగా క్యాసెట్లు.

ఇంట్లోనే ఉంచడం గురించి ఎక్కువ చెప్పను. ప్రేమ ఉన్న ఒక్క మనిషి ఉన్నన్నాళ్లే అది పనిచేస్తుంది. పెద్దమ్మ ఏటా వేపాకు వేసి, ఎండలో పెట్టి (ఎండలో పెట్టకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు, మన ఎండకు కాగితం అప్పడంలా విరుగుతుంది) కాపాడింది. ఆమె తర్వాత కోడలు కాపాడాలని అడిగే హక్కు నాకు లేదు. పైగా 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు చెయ్యేరు పక్క ఊళ్లలో ఇళ్లకు ఇళ్లే పోయాయి. ఒకే ప్రతి, ఒకే ఇల్లు అంటే నాకు టెన్షన్.

పెద్ద ఊరి ఆర్కైవ్స్‌కో, మద్రాసులోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం లాంటి చోటికో పంపుదామని మా తమ్ముడు అన్నాడు. అక్కడ భద్రత ఎక్కువ, నిజమే. కానీ మన జిల్లా కాగితాలు దూరం పోతే ఏమవుతుందో కైఫియత్తులే, అంటే పాతకాలంలో రాయించిన ఊళ్ల చరిత్రలే చెబుతాయి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి, కరణాల దండకవిలెల (ఊరి రికార్డుల) నుంచి ఊళ్ల చరిత్రలు రాయించుకున్నారు. 1821లో ఆయన పోయాక ఆ సేకరణను ఆయన భార్య దగ్గర కంపెనీ వాళ్లు లక్ష రూపాయలకు కొన్నారు. అది కలకత్తా, మద్రాసు, లండన్ అని ముక్కలైంది. మద్రాసులోవి శిథిలమవుతుంటే సి.పి.బ్రౌన్ నకళ్లు రాయించాడు. కడప జిల్లా కైఫియత్తులు అచ్చు పుస్తకాలుగా మళ్లీ మన కడపలోనే వెలువడడానికి ఎన్నో తరాలు పట్టింది. మధ్యలో ఆ కాలమంతా, ఏ పల్లె గురించి రాశారో ఆ పల్లె వాడికి తన ఊరి కథ చదివే దారి లేదు.

ఆ పుస్తకాలు వేసింది బ్రౌన్ కేంద్రమే. 1820లో కడపకొచ్చిన బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి తెలుగు కావ్యాల ప్రతులు సరిచూయించాడు. ఆ స్థలంలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి గ్రంథాలయం కట్టించారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రం. తాళపత్రాలు, పాత పుస్తకాలు ఉన్న చోటు, కడప బస్సెక్కితే చేరే చోటు. నా ఓటు దీనికే. పెద్దనాయన "తూర్పు వాకిలి ఎదురు బండ" అని రాస్తే ఆ బండ ఏదో కనుక్కోవడానికి మనిషి బైకు మీద పోయి వచ్చేంత దూరంలో కాగితం ఉండాలి. మొదటి తెలుగు శాసనమని, క్రీ.శ. 575 నాటిదని చెప్పే కలమళ్ల శాసనం ఉన్న జిల్లా ఇది. పెద్దనాయన నోటుపుస్తకంలో ఒక పేజీ పైన శాసన పాఠం, పక్కన ఆ రాయి మీద అప్పుడు ఎవరు బట్టలుతుకుతున్నారో కూడా ఉంది. చదివేవాడు రాయి దగ్గరికి పోగలిగితేనే ఆ రెండో మాటకు విలువ.

అయితే ఎక్కడైనా సరే, కళ్లు మూసుకుని ఇవ్వకూడదు. ఆయన పుస్తకాలు కొన్ని ఇదివరకే ఒక చోట ఇచ్చాం, పేరొద్దు. మంచి మనసుతోనే తీసుకున్నారు. తర్వాత పోయి చూస్తే పుస్తకాలు సబ్జెక్టు ప్రకారం వేరువేరు బీరువాల్లో సర్దేశారు. మధ్యలో పెద్దనాయన పెట్టుకున్న చీటీలు చెత్తని ఊడ్చేశారు. ఏ పుస్తకంలో ఏ పేజీ దగ్గర ఏ చీటీ ఉందన్నదే ఆయన పరిశోధన. ఆ వరుస చెరిగితే మిగిలేది పాత పుస్తకాలు, అవి ఎక్కడైనా దొరుకుతాయి.

అందుకే ఈసారి ఇచ్చే ముందు కాగితం రాసుకుందామనుకున్నాం. పెట్టెవారీ జాబితా రెండు ప్రతులు, ఒకటి మా దగ్గర. వరుస మార్చకూడదు, సేకరణ విడదీయకూడదు, అక్కర్లేదనుకున్నవి పారేయకుండా మాకు తిరిగివ్వాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కాగితం ఇచ్చినంత మాత్రాన కాపీరైటు ఇచ్చినట్టు కాదు. మన చట్టంలో అది మామూలుగా రచయిత పోయాక 60 ఏళ్లు ఉంటుంది, అంటే వారసులది. కాబట్టి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చా లేదా అన్నది కూడా అందులోనే రాయాలి. మా పెట్టెలో లేవు గానీ, మీ ఇంట్లో తాళపత్రాలుంటే ఇంకో మాట. చారిత్రక విలువ ఉన్న రాతప్రతికి 75 ఏళ్లు దాటితే 1972 చట్టం దాన్ని పురావస్తువుగా లెక్కిస్తుంది. అమెరికాలో ఉన్న కొడుక్కి జ్ఞాపకంగా పంపేద్దామంటే కుదరదు.

ఇక ఇంటర్నెట్. మా అక్క కూతురు "స్కాన్ చేసి పెట్టేస్తే అయిపాయె కదా మామా" అంది. సగం నిజం. నోటుపుస్తకాలను 300 డీపీఐలో స్కాన్ చేస్తే బాగానే వస్తాయి. బ్రౌన్ నకళ్లు రాయించినట్టే ఇదీను, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది. కానీ ఎస్టాంపేజీ మామూలు స్కానర్‌లో పట్టదు, మడిస్తే మడత దగ్గర అక్షరం పోతుంది. చేతిరాత తెలుగును కంప్యూటర్ ఇప్పటికీ తప్పుల తడకగానే చదువుతుంది, కాబట్టి ఊరి పేర్ల సూచిక మనిషే కూర్చుని రాయాలి.

అసలు చిక్కు వేరే ఉంది. మూడు నోటుపుస్తకాల్లో కొన్ని ఊళ్ల ఫ్యాక్షన్ గొడవలు ఉన్నాయి. ఎవరిని ఎవరు ఎక్కడ కాపు కాశారు, రాజీకి ఎవరు కూర్చున్నారు, భూమి తగాదా ఎక్కడ మొదలైంది, అన్నీ పేర్లతో సహా. చెప్పినవాళ్లు ఆయన్ని నమ్మి చెప్పారు. వాళ్ల పిల్లలు, అవతలి వాళ్ల పిల్లలు ఇప్పుడు ఒకే కాలేజీ బస్సులో పోతుంటారు. అది చరిత్రే, కాదనను. కానీ ఫోన్‌లో పేరు వెతికితే కనబడేలా పెట్టడం నా చేత కాదు. ఈ మూడింటిని సీలు వేసి కేంద్రానికి ఇచ్చి, ఇరవై ఐదేళ్ల దాకా తెరవద్దని రాద్దామనుకుంటున్నాను. తమ్ముడు కాల్చేయమన్నాడు. ఒప్పుకోలేదు.

ఉత్తరాల విషయంలో పెద్దమ్మ ఒక్క మాటతో తేల్చేసింది. శాసనాల గురించి రాసినవి ఎవరికైనా ఇవ్వొచ్చట. తనకు రాసినవి తన పెట్టెలోనే ఉంటాయట.

ఇప్పటికైతే అన్నిటికన్నా ముందు క్యాసెట్ల పని పట్టుకున్నాం. కాగితం ఇంకో పదేళ్లు ఆగుతుందేమో గానీ టేపు ఆగదు, కొన్నింటికి అప్పుడే బూజు పట్టింది. పాత టేప్‌రికార్డర్ ఒకటి బాగు చేయించి లాప్‌టాప్‌కి తగిలించాం. గంట క్యాసెట్‌కి గంట పడుతుంది, తొందరపెట్టే దారి లేదు. రాత్రిళ్లు ఎవరెవరో ముసలివాళ్ల గొంతులు, మధ్యలో "ఇంకొంచెం మెల్లగా చెప్పు తాతా" అని పెద్దనాయన గొంతు. పెద్దమ్మ వాకిట్లో కూర్చుని వింటూ ఆయన అడగని ప్రశ్నలకు కూడా జవాబు చెబుతుంది. అవి కూడా రాసుకుంటున్నాను.

సున్నం వేసేవాళ్లు సోమవారం వస్తామన్నారు. ఇంకా ఇరవై రెండు క్యాసెట్లున్నాయి.