మూడు ఎండాకాలాలు దాటిన మా వాటర్ లెవెల్ కంట్రోలర్

సంపులో నీళ్ళు అయిపోగానే మోటారును దానంతట అదే ఆపేస్తుంది చూడండి, ఆ ఒక్క పని కోసమే నేను ఈ పెట్టెను ప్రేమించాను. పైన ట్యాంకు నిండితే మోటారు ఆపడం, ఖాళీ అయితే వేయడం ఏ కంట్రోలరైనా చేస్తుంది, దాని గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. కింద నీళ్ళు లేనప్పుడు మోటారు ఒట్టిగా తిరగకుండా కాపాడే డ్రై రన్ రక్షణ గురించే ఇదంతా రాస్తున్నాను. మూడేళ్ళలో నాకు అన్నిటికన్నా ఎక్కువ నిశ్చింత ఇచ్చింది అదే. ఒక ఏప్రిల్ రాత్రి నమ్మించి చేతులెత్తేసిందీ అదే.

మాది హైదరాబాదు శివార్లలో, బోడుప్పల్ దగ్గర 150 గజాల్లో కట్టుకున్న ఇల్లు. 2022 మార్చిలో గృహప్రవేశం చేశాం. అంతకుముందు పదకొండేళ్ళు అద్దె ఇళ్ళలోనే గడిచాయి. అక్కడ మోటారు సంగతి ఓనరు ఆంటీ చూసుకునేది, నల్లా తిప్పితే నీళ్ళు వస్తాయన్నంత వరకే మాకు తెలుసు. ఇక్కడికి వచ్చాక అమ్మ మోటారు వేసి, పైన ట్యాంకులోంచి నీళ్ళు పొర్లిన చప్పుడు వినిపించేదాకా వంటింటి కిటికీ దగ్గరే నిలబడేది. కూర అడుగంటినా అక్కణ్ణుంచి కదిలేది కాదు. ఆ మేలో ఒకరోజు మోటారు వేసిన సంగతి మరిచిపోయి అందరం పెళ్ళికి వెళ్ళిపోయాం. తిరిగొచ్చేసరికి పక్కింటివాళ్ళ గోడంతా తడిసి ఉంది, సంపు అడుగున జానెడు నీళ్ళు మిగిలాయి. ఇంకాసేపు ఆలస్యమైతే మోటారు పోయేది. ఆ వారమే ట్రూప్ బజార్ వెళ్ళి 2,600 రూపాయలకు ఈ కంట్రోలర్ తెచ్చాను. కంపెనీ పేరు రాయను. ఈ ధరలో దొరికేవాటి లోపల ఉండేది దాదాపు ఒకటే కాబట్టి పేరు వల్ల మీకు పెద్దగా ఉపయోగం లేదు కూడా.

బిగించింది నేనే. కష్టమైన పనేమీ కాదు. పైన ట్యాంకులో మూడు స్టీలు ప్రోబులు, కింద సంపులో రెండు. రెండు ప్రోబుల మధ్య నీళ్ళుంటే వాటి గుండా కొద్దిపాటి కరెంటు పారుతుంది, దాన్ని బట్టి నీళ్ళున్నాయని పెట్టెకు తెలుస్తుంది. నీళ్ళు దిగిపోతే ఆ దారి తెగుతుంది. అంతే దాని తెలివంతా. ఇది తెలిసుంటే తర్వాత జరిగేవన్నీ అర్థమవుతాయి.

2023 మే నెలలో దాని విలువ తెలిసింది. మా వీధికి మంజీరా రోజు విడిచి రోజు వస్తుంది (ఏ నది నీళ్ళొచ్చినా మేము మంజీరా అనే అంటాం). ఆ నెల ఎక్కడో పెద్ద పైపు పగిలి నాలుగు రోజులు చుక్క రాలేదు. అమ్మ ఊళ్ళో ఉంది, మేమిద్దరం ఆఫీసుల్లో. మూడో రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతోంది. సంపు మూత తీసి చూస్తే అడుగు కనిపిస్తోంది. మోటారు మీద చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. మర్నాడు 5,000 లీటర్ల ట్యాంకరు తెప్పించాం. సంపులో నీళ్ళు పడుతుండగానే లైటు పచ్చగా మారింది, పది సెకన్లాగి మోటారు దానంతట అదే అందుకుంది. ఆ ట్యాంకరు పక్కనే నిలబడి నాకెంత ఆనందమేసిందో మాటల్లో చెప్పలేను. ఈ ఇంటిని నా చేతులతో చూసుకోగలనన్న ధైర్యం మొదటిసారి వచ్చింది ఆ రోజే. కాలనీలో కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పాను, నా మాట మీద మూడిళ్ళవాళ్ళు కొన్నారు కూడా.

ఆ మూడిళ్ళకూ మరుసటి ఏడాది నేనే వెళ్ళి ఇంకో మాట చెప్పాల్సి వచ్చింది.

2024 ఏప్రిల్. ఆ ఎండాకాలం హైదరాబాదులో నీళ్ళకు ఎంత కటకటగా ఉందో ఇక్కడున్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. రాత్రి రెండింటప్పుడు అమ్మ తలుపు తట్టింది. "బిడ్డా, మోటారు ఒర్రుడు వేరే తీరుగుంది, జర సూడు" అంది. నిజానికి నాకేం తేడా తెలియలేదు, మోటారు తిరుగుతున్న చప్పుడే. అమ్మ వినలేదు, కిందికి తీసుకెళ్ళింది. దగ్గరికి వెళ్తే రబ్బరు కాలిన వాసన. సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే మోటారు నుంచి పైకి వెళ్ళే ప్లాస్టిక్ పైపు ఉడికిన ములక్కాడలా మెత్తబడి పక్కకు వంగిపోయి ఉంది. పంపు మీద నాలుగు చుక్కల నీళ్ళు పడితే చుయ్‌మని ఆవిరైపోయాయి. పరుగెత్తి ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్) దించాను.

సంపు మూత తీస్తే లోపల ఎండిన సిమెంటు నేల. పైకెళ్ళి పెట్టె చూస్తే పచ్చ లైటు. నీళ్ళున్నాయని చెబుతోంది. ఆ పచ్చ లైటును చూస్తుంటే నాకొచ్చిన కోపం ఇంకా గుర్తుంది. ఏ పని కోసం కొన్నానో సరిగ్గా ఆ పనిలోనే అది అబద్ధం చెప్పింది.

మీకో సందేహం రావచ్చు, మోటారు అంత వేడెక్కుతుంటే ఎంసీబీ ఎందుకు పడిపోలేదని. నాకూ వచ్చింది. నీళ్ళు లాగుతున్నప్పటికన్నా ఒట్టిగా తిరుగుతున్నప్పుడు మోటారు తక్కువ కరెంటే తీసుకుంటుంది, లోడు లేదు కదా. అందుకే ఎంసీబీకి గానీ, పెట్టెలోని ఓవర్‌లోడ్ రక్షణకు గానీ ఏదో తేడా జరుగుతోందని తెలియదు. వేడంతా పంపు తలలో పుడుతుంది. లోపల మిగిలిన కాసిని నీళ్ళు అక్కడే గిరగిరా తిరిగి మరిగిపోతాయి. షాఫ్టు దగ్గర నీళ్ళు కారకుండా ఆపే సీలును చల్లగా ఉంచేవి ఆ నీళ్ళే కాబట్టి, అవి ఇంకిపోగానే సీలు మాడిపోతుంది.

పొద్దున మెకానిక్ వచ్చి పంపు విప్పాడు. "ఎంతసేపు ఒట్టిగ నడిచిందన్నా?" అనడిగాడు. గంటన్నరో రెండు గంటలో చెప్పలేకపోయాను. "వైండింగ్ బతికింది, మీ అదృష్టం. సీలు పోయింది, బేరింగ్ కూడ వేస్తే మంచిది" అన్నాడు. అన్నీ కలిపి 1,450 అయింది, పైపు ఖర్చు వేరే. అమ్మ చెవికి తోచకపోయి ఉంటే తెల్లారేసరికి మోటారే మిగిలేది కాదు.

అతను వెళ్ళాక, ఆఫీసుకు సెలవు పెట్టి, దీని సంగతి తేల్చుకుందామని కూర్చున్నాను. ముందు సంపులోంచి ప్రోబులను బయటికి లాగి, గుడ్డతో పొడిగా తుడిచి, గాల్లో వేలాడదీశాను. పచ్చ లైటే. అంటే ప్రోబుల తప్పు కాదు. తర్వాత పెట్టె దగ్గర సంపు వైర్లు రెండూ ఊడదీశాను. వెంటనే ఎర్ర లైటు. అంటే పెట్టె తప్పూ కాదు. ఇక మిగిలింది మధ్యలో ఉన్న వైరు. ఆ వైరులో ఒక్కటే జాయింటు ఉంది, అది వేసింది నేనే.

ప్యాకెట్లో వచ్చిన వైరు మూడు మీటర్లే. మా సంపు నుంచి పెట్టెకు దాదాపు పది మీటర్లుంది. అందుకని ఇంకో వైరు కొని, సంపు మూతకు జానెడు కింద ముడివేసి, నల్ల ఇన్సులేషన్ టేపు బాగా చుట్టాను. మామూలుగా నీళ్ళు అంత ఎత్తుకు రావు. కానీ మంజీరా బాగా వచ్చిన రోజు మూత దాకా నిండుతుంది. రెండేళ్ళలో ఆ ముడి ఎన్నిసార్లు మునిగి తేలిందో.

టేపు కొస పట్టుకుని లాగితే వలుచుకొచ్చింది. లోపలి జిగురంతా తెల్లగా నాని జావలా అయిపోయింది. రెండు పొరలు తీశాక రాగి తీగలు కనిపించాయి, ఎర్రగా లేవు, పాత ఇత్తడి చెంబుకు పట్టే చిలుములా పచ్చగా ఉన్నాయి. ఆ పచ్చటి తడి ఒక తీగ నుంచి ఇంకో తీగకు అల్లుకుని ఉంది. గోటితో గీకితే పేస్టులా వచ్చింది. సంపులో నీళ్ళున్నా లేకున్నా, ఆ తడిలోంచే కరెంటు పారుతూ ఉంది. పెట్టెకు మాత్రం నీళ్ళున్నట్టే లెక్క. ఎప్పటినుంచి అలా ఉందో తెలియదు. ఆ ఏడాది అంతవరకు సంపు పూర్తిగా ఎండలేదు కాబట్టి బయటపడలేదంతే.

ఇప్పుడు సంపులో జాయింటన్నదే లేదు. పెట్టె దాకా ఒకే వైరు వేశాను. తప్పనిసరై జాయింటు వేయాల్సి వస్తే బయటే, నీళ్ళు తగలని ఎత్తులో ఒక డబ్బాలో వేయండి. నీళ్ళలోనే వేయాల్సి వస్తే మామూలు టేపు సరిపోదు, సబ్‌మెర్సిబుల్ మోటార్ల కేబులుకు చుట్టే రబ్బరు టేపు దొరుకుతుంది, అది వేసి పైన మామూలుది చుట్టాలి. కాలనీలో ఆ మూడిళ్ళకూ వెళ్ళి మూతలు తీసి చూశాను. ఒకరింట్లో అచ్చం నాలాంటి ముడే ఉంది, అప్పుడే తడి పట్టడం మొదలైంది. మార్చి వచ్చాను.

ఇక రెండో సంగతి. ఎండాకాలమంతా మా సంపులో మంజీరాతో పాటు ట్యాంకరు బోరు నీళ్ళు కలుస్తాయి. ఒకసారి పరీక్ష చేయిస్తే ఆ బోరు నీళ్ళ కాఠిన్యం లీటరుకు 640 మిల్లీగ్రాములు వచ్చింది. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) చెప్పేది 200, వేరే దిక్కు లేకపోతే 600 దాకా. బకెట్ల అంచులకు పట్టే ఆ తెల్లటి పొర ప్రోబులకూ పడుతుంది, అది కరెంటును పారనివ్వదు. పైన ట్యాంకులో పై ప్రోబుకు పొర పడితే ట్యాంకు నిండినా పెట్టెకు తెలియదు, నీళ్ళు పొర్లిపోతూనే ఉంటాయి. కింద సంపు ప్రోబుకు పడితే నీళ్ళున్నా లేవనుకుని మోటారే వేయదు. రెండోది ఇబ్బందే కానీ నష్టం లేదు. మొదటిది నష్టం. నాకు రెండూ జరిగాయి. అందుకని మూడు నెలలకోసారి ప్రోబులు పైకి తీసి, గోరువెచ్చని నీళ్ళలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి అరగంట నానబెట్టి తుడుస్తాను. బాత్రూం యాసిడ్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, స్టీలును తినేస్తుంది, పైగా అవి మళ్ళీ మనం వాడుకునే నీళ్ళలోకే వెళ్తాయి. పని మొదలుపెట్టేముందు స్విచ్ కాదు, ఎంసీబీయే దించండి. ప్రోబులు పైనుంచి లాగితే చాలు, వాటి కోసం సంపులోకి దిగే పని పెట్టుకోవద్దు. మూసి ఉంచిన సంపులో గాలాడదు, ఒంటరిగా అసలే దిగకూడదు.

పోయినేడు దసరాకు పైన ట్యాంకులో ప్రోబులు తీసేసి ఫ్లోట్ సెన్సర్లు పెట్టాను. నీళ్ళతో పాటు బెండు పైకీ కిందికీ కదులుతుంది, దానిలోని అయస్కాంతం లోపలి స్విచ్చును కలుపుతుంది, నీళ్ళ గుండా కరెంటు పారాల్సిన పని లేదు. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ట్యాంకు పొర్లలేదు. సంపులో మాత్రం ప్రోబులే ఉంచాను. అక్కడ పొర పడితే మోటారు ఆగుతుందే తప్ప కాలదు కదా, ఆ తప్పు నేను భరించగలను.

2025 ఎండాకాలంలో సంపు రెండుసార్లు ఎండింది. రెండుసార్లూ ఎర్ర లైటు వెలిగింది, మోటారు చల్లగానే ఉంది.

అయితే కొనమంటారా అని అడిగితే, మా ఇంటి లెక్కలోనే చెప్పగలను. మాకు సంపుంది, దాని పక్కనే చిన్న మోటారుంది, పగలంతా ఇంట్లో ఉండేది అమ్మ ఒక్కతే, నీళ్ళు ఎప్పుడొస్తాయో నమ్మకం లేదు. ఇలాంటి ఇంటికి కొనమనే అంటాను, మూడు నెలలకోసారి ఓ గంట కేటాయించే ఓపిక ఉంటే. ఆ ఓపిక లేకపోతే ఈ ధరలోది వద్దు, పైనా కిందా ఫ్లోట్లతోనే వచ్చేది కొంచెం ఎక్కువ పెట్టి కొనండి. బోరు నుంచి నేరుగా ట్యాంకుకు ఎక్కించేవాళ్ళకు ఇది పనికిరాదు, బోరులో ప్రోబులు పెట్టడం తేలికైన పని కాదు. మోటారు లాగే కరెంటు తగ్గగానే ఆపేసే రకం వేరే ఉంటుంది, అది చూసుకోండి. నీళ్ళ తీరును బట్టి కూడా ఉంటుంది. రాజమండ్రిలో ఉండే మా బావమరిది ఇదే పెట్టె వాడుతున్నాడు, వాళ్ళకు వచ్చేవి గోదావరి నీళ్ళు. రెండేళ్ళయినా ప్రోబులు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. నేను చెప్పిన నిమ్మ ఉప్పు గొడవ అతనికి అర్థం కూడా కాలేదు.

ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్ళకు ఒక్క పని చెబుతాను. ఎంసీబీ దించి సంపు ప్రోబులను పైకి తీసి, తుడిచి, గాల్లో వేలాడదీసి, మళ్ళీ ఎంసీబీ వేసి పెట్టె వైపు చూడండి. ఎర్ర లైటు రావాలి. రాకపోతే ఆ రాత్రి మోటారును ఆటోమేటిక్ మీద వదిలి పడుకోకండి. నేను దీన్ని ఉగాదికోసారి, వానాకాలం ముందోసారి చేస్తున్నాను. ప్రోబులు వేలాడదీసేది నేను, లోపల పెట్టె దగ్గర నిలబడి "ఎర్రగైంది" అని కేకేసేది అమ్మ.