కెమెరా షట్టర్ పోయింది: కంపెనీ సర్వీసా, బయటి మెకానిక్కా, సొంత చెయ్యా?

పెళ్లిళ్ల సీజన్ మధ్యలో కెమెరా షట్టర్ (క్లిక్ కొట్టగానే తెరుచుకుని మూసుకునే తెర) పోతే ఫొటోగ్రాఫర్‌కి పట్టే టెన్షన్ మామూలుది కాదు. ముహూర్తం ఆగదు, అడ్వాన్స్ ఇచ్చిన వాళ్లకు సర్దిచెప్పలేం. అప్పుడు ఉన్నవి మూడు దారులు: కంపెనీ సర్వీస్ సెంటర్, బయటి మెకానిక్, సొంతంగా విప్పుకోవడం. బ్రాండే మార్చేద్దామనే ఆలోచన కూడా అప్పుడే వస్తుంది.

వారంటీ ఉంటే చర్చే లేదు, కంపెనీకే ఇవ్వాలి. వారంటీ దాటినా లోపం డిజైన్‌లోనే ఉంటే కంపెనీయే మేలు. 2012లో వచ్చిన నికాన్ డీ600 కెమెరాలో సెన్సర్ (ఫొటో పడే చిప్పు) మీద నూనె చుక్కలు, దుమ్ము మచ్చలు పడేవి. గొడవ పెద్దదయ్యాక 2014లో నికాన్, వారంటీ అయిపోయిన బాడీలకు (లెన్స్ కాక మిగతా కెమెరా) కూడా ఉచితంగా షట్టర్ మార్చి ఇచ్చింది. మీ మోడల్‌కి అలాంటి ప్రకటన ఏమైనా ఉందేమో చూశాకే బయట డబ్బు పెట్టండి.

అసలు చిక్కు, కంపెనీ తప్ప వేరే దిక్కు లేకుండా పోవడంలో ఉంది. అమెరికాలో జరిగింది అదే. తన గుర్తింపు లేని రిపేర్ షాపులకు నికాన్ 2012 జులైలో పార్టులు అమ్మడం మానేసింది. 2020 మార్చి ఆఖరికి గుర్తింపు ఉన్న షాపుల ఏర్పాటును కూడా ఎత్తేసింది. ఇక అంత పెద్ద దేశంలో న్యూయార్క్ రాష్ట్రంలో ఒకటి, లాస్ ఏంజెలిస్‌లో ఒకటి, కంపెనీ సొంత కేంద్రాలే మిగిలాయి. ఏళ్ల తరబడి అదే పని చేసిన మెకానిక్కులకు నైపుణ్యం ఉంది, పనిముట్లు ఉన్నాయి, కొత్త పార్టు మాత్రం దొరకదు. చెడిపోయిన కెమెరాలు కొని, వాటిలోంచి తీసుకోవాల్సిందే. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

కొత్త కెమెరాల రిపేర్‌కి ప్రత్యేక పరికరాలు, కాలిబ్రేషన్ (కొలతలు సరిచూసి అమర్చే) సాఫ్ట్‌వేర్ కావాలని కంపెనీలు అంటాయి. అందులో కొంత నిజం ఉంది. అయితే ఆ సాఫ్ట్‌వేర్‌ని కూడా అమ్మవచ్చు కదా? రిపేర్ మీద పెట్టే ఆంక్షలకు తయారీదారులు చెప్పే కారణాలకు పెద్దగా ఆధారాలు లేవని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021 మే నివేదికలో రాసింది.

వారంటీ దాటిన మామూలు అరుగుదలకు నా ఓటు మంచి మెకానిక్‌కే. బండికి బ్రేక్ షూ అరిగినట్టే కెమెరాకి షట్టర్ అరుగుతుంది. కెనాన్ 5డీ మార్క్ 4 షట్టర్‌కి కంపెనీ చెప్పే ఆయుష్షు 1.5 లక్షల క్లిక్కులు, నికాన్ డీ850కి 2 లక్షలు. పెళ్లిళ్లు తీసేవాళ్లు కొన్ని సీజన్లలోనే అది దాటేస్తారు. ఆ ఒక్క పార్టు కోసం లక్షలు పెట్టిన బాడీని పక్కన పడేయడం ఎందుకు? మెకానిక్ అయితే ఎదురుగా కూర్చుని చెబుతాడు, పాత పార్టు చేతికిస్తాడు. వేసేది కొత్తదా, పాత కెమెరాలోంచి తీసిందా అని ముందే అడగండి. డబ్బిచ్చే ముందు లెన్స్ అపెర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి ఇటుక గోడని ఎదురుగా నిలబడి ఫొటో తీయండి. సెన్సర్ కింద సర్దిన పలచటి రేకులు అటూఇటూ అయితే ఒక పక్క మూలలు మసకగా వస్తాయి. రిపేర్‌కి ఇచ్చే ముందే అదే లెన్స్‌తో అలాంటి ఫొటో ఒకటి తీసి ఉంచుకుంటే పోల్చుకోవడం తేలిక.

సొంతంగా చేసుకునే పని తక్కువే. ఊడిన గ్రిప్ రబ్బరు అంటించడం, ఐకప్ (కన్ను ఆనించే రబ్బరు) మార్చడం, బ్లోయర్‌తో దుమ్ము ఊదడం వరకు ధైర్యంగా చేయండి. జపాన్ కెమెరాల స్క్రూలు మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌కి సరిగ్గా కూర్చోవు, తల అరిగిపోతుంది. వాటికి జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) డ్రైవర్ కావాలి. లోపల ఫ్లాష్ ఉన్న బాడీని మాత్రం విప్పకండి. బ్యాటరీ తీసేసినా కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టులు నిలిచి ఉండొచ్చు.

ఇక బ్రాండ్ మీద అభిమానం. అది తప్పు కాదు. చేయి అలవాటు పడిన బటన్లు, తెలిసిన రంగులు, తోటి ఫొటోగ్రాఫర్ల నుంచి అరువు దొరికే లెన్సులు, ఇవన్నీ విలువైనవే. కానీ చాలామందిని కట్టిపడేసేది అభిమానం కాదు, కొన్న లెన్సులు. ఇక్కడ కంపెనీల తీరులో తేడా ఉంది. సోనీ తన ఈ-మౌంట్ (మౌంట్ అంటే బాడీకి లెన్స్ బిగించే చోటు) వివరాలను 2011లోనే ఇతర లెన్స్ తయారీదారులకు ఇచ్చింది. కెనాన్ ఆర్ఎఫ్ మౌంట్‌కి బయటి కంపెనీ విల్ట్రాక్స్ ఆటోఫోకస్ లెన్సుల అమ్మకం 2022లో ఆగిపోయింది. సిగ్మా, టామ్రాన్ అనే లెన్స్ కంపెనీలకు 2024లో కెనాన్ అనుమతిచ్చింది, అదీ ముందు ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్ కెమెరాలకు సరిపడే) లెన్సులకే. లెన్స్ పాడై రిపేర్ ఖర్చు తడిసి మోపెడైనప్పుడు, అదే మౌంట్‌కి తక్కువలో ఇంకోటి దొరకడం ఎంత ఊరటో ఆ అవసరం పడ్డవాళ్లకు తెలుసు.

చట్టాలు మెల్లగా కదులుతున్నాయి. ఎలక్ట్రానిక్ వస్తువుల పార్టులు, మాన్యువళ్లు యజమానులకు, బయటి షాపులకు కూడా ఇవ్వాలనే చట్టాలు అమెరికాలోని కాలిఫోర్నియా, మిన్నెసోటాల్లో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మన కేంద్ర ప్రభుత్వం 2022 జులైలో కమిటీ వేసి, డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ (రిపేర్ చేయించుకునే హక్కు) పోర్టల్ తెరిచింది. అది సమాచారం ఇస్తుంది. పార్టు ఇచ్చి తీరాలని కంపెనీ మెడలు వంచదు.

కాబట్టి కొత్త బాడీ కొనేముందు షాపులో మెగాపిక్సెళ్లతో పాటు ఈ మోడల్ షట్టర్ మార్చడానికి ఎంతవుతుంది, ఎన్ని రోజులు పడుతుంది, పార్టు బయటి మెకానిక్‌కి అమ్ముతారా అని కూడా అడగండి. సూటిగా జవాబు రాకపోతే, మీ లెన్సులన్నీ ఆ బ్రాండువే అయినా, వాటిని అమ్మి ఇంకో మౌంట్‌కి మారితే ఎంత పడుతుందో లెక్క వేయించుకుని అప్పుడు నిర్ణయించుకోండి.