మా కూలరును ఆడనివ్వని ఆర్‌సీసీబీ: మూడేళ్ల వాడకం తర్వాత

మూడేళ్ల కిందట అనంతపురంలోని మా పాత ఇంటికి కొత్తగా ఐదు ప్లగ్ పాయింట్లు వేయించినాం. రాతిగోడలు కాబట్టి పగలగొట్టకుండా పైనే పీవీసీ పట్టీ కొట్టించి, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగించినాం. లైనుకు 16 ఆంపియర్ల ఎంసీబీ, అంటే లోడు మించితే పడిపోయే స్విచ్చు. ఇదంతా అందరూ చేయించుకునేదే. నేను రాసేది ఆ లైనుకు ముందు పెట్టించిన 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ గురించి, అంటే కరెంటు దారి తప్పి లీకైతే లైను ఆపేసే స్విచ్చు. మా అమ్మకు ప్రమాదం తప్పించింది అదేనని గట్టిగా నమ్ముతున్నా.

ఆ ఏప్రిల్లో కూలరును కొత్త పాయింటుకు పెట్టి స్విచ్ వేయగానే టప్పున లైను మొత్తం పోయింది. ఆర్‌సీసీబీ మీట ఎత్తితే మళ్లీ పడింది. పాత బోర్డు మీద ఏళ్ల తరబడి ఆడిన కూలరు అది. ఎండకు మిద్దె మీద కాలు పెట్టేట్టు లేదు. పాయింట్లు వేసినతన్ని పిలిస్తే, "దీంతో ఎప్పుడూ ఇదే గోల అన్నా, తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తా" అన్నాడు. రెండు రాత్రులు నిద్ర లేదు, సరే అనబోయినా. అమ్మ ఆపింది. "అది ఉత్తగా ఎందుకు పడ్తాది నాయనా? ముందర కూలరు ముట్టుకుంటే చెయ్యి జుమ్మనేది కదా?"

నిజమే. రేకు కూలరు. నీళ్లు పోసేటప్పుడు చెప్పులు వేసుకోవడం ఇంట్లో అందరికీ అలవాటైపోయి, ఎందుకు వేసుకుంటున్నామో మరిచిపోయినాం.

మరుసటి రోజు వేరే పెద్దాయన వచ్చినాడు. పంపు వైరు విడదీసి ఫ్యాను ఒక్కటే వేస్తే నిలిచింది. పంపు కలిపితే పడింది. పంపు బయటికి తీసి చూపించినాడు. వైరు లోపలికి పోయే చోట రబ్బరు పగిలి రాగి కనబడుతోంది, చుట్టూ ఉప్పునీళ్ల తెల్లపొర. పాత సాకెట్టుకు మూడో రంధ్రం ఉంది గానీ వెనక ఎర్తు వైరే లేదంట. కరెంటు రేకులోనే ఉండిపోయేది. కొత్త పాయింటులో ఎర్తు దారి దొరికింది. ఫేజులో పోయినంత న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే, ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే ఆర్‌సీసీబీ పడిపోతుంది.

పంపు మార్చినాం, ఆ తర్వాత ఒక్కసారీ పడలేదు. మొదటి ఏడాదంతా ఇది ఉంటే ఇంక భయమే లేదని చుట్టాలందరికీ చెప్పినా. ఆ మాట ఇప్పుడు కొంచెం తగ్గించుకుంటా. పోయిన ఏడాది 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఇస్త్రీపెట్టె, కెటిల్ కలిపి పెడితే ప్లగ్గు నల్లగా కాలింది. ఆర్‌సీసీబీ కదల్లేదు, లోడు చూడటం దాని పని కాదు. ఎంసీబీ 16 వరకు ఓర్చుకుంటుంది, అదీ పడలేదు. ఎవరైనా ఫేజు, న్యూట్రల్ రెండూ చేత్తో పట్టుకున్నా కనిపెట్టడం ఆర్‌సీసీబీ వల్ల కాదు. ఎర్తు బాగుంటేనే మనిషి ముట్టుకోకముందే పడుతుంది. మా నేల ఎండాకాలం బీటలిస్తుంది కాబట్టి ఎర్తు గుంతలో వారానికి రెండు బిందెలు పోస్తాం. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూస్తా.

మాది సొంతిల్లు. కడిగిన తాడిపత్రి బండల మీద అమ్మ ఉత్తకాళ్లతో తిరుగుతుంది. అందుకే నాకు దీని విలువ ఎక్కువ. బాడుగ ఇంట్లో, వేర్వేరు లైన్ల న్యూట్రళ్లు కలిసిపోయిన పాత వైరింగులో పెడితే కరెంటు ఎక్కడా లీకు కాకుండానే పడుతుంది, ముందు వైరింగు చూపించుకోండి. మా వెనక రెండు గదులదీ అదే కథ, ఉగాది తర్వాత విడదీయిస్తాం. అంతవరకు కూలరును ఆ గదుల్లోకి పోనీయను.