యాక్సిల్ బూటు చిరిగితే: బూటా, రీకండిషనా, కొత్త యాక్సిలా?

ముందు చక్రం రిమ్ము లోపలివైపు నల్లటి గ్రీజు చిమ్మి ఉంటే యాక్సిల్ బూటు చిరిగినట్టే. ఇంజిన్ బలాన్ని చక్రానికి అందించే కడ్డీ యాక్సిల్; దాని చివరి జాయింటులో గ్రీజు బయటికి పోకుండా, దుమ్ము లోపలికి రాకుండా కప్పే రబ్బరు తొడుగే బూటు. నెల్లూరు ఆటోనగర్‌లో అడిగితే మూడు మాటలు వినబడతాయి: బూటు వేస్తాం, రీకండిషన్ (పాతదాన్ని బాగుచేసిన) యాక్సిల్ ఇస్తాం, కొత్తది వేయించుకోండి. మూడింట్లో బూటు పనే మంచి బేరం, కాకపోతే సమయానికి వెళ్లాలి.

ఖాళీ స్థలంలో స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పి కారుని మెల్లగా గుండ్రంగా నడపండి. రెండో పక్కకీ అంతే. టకటక శబ్దం రాకపోతే బూటు కిట్టు చాలు. శబ్దం మొదలయ్యాక మాత్రం బూటు దండగ ఖర్చు. చీమకుర్తి రోడ్డు గ్రానైట్ దుమ్మైనా, మైపాడు ఇసుకైనా గ్రీజులో కలిసిందంటే సానపొడిలా అరగదీసి జాయింటు లోపల స్టీలు బాల్స్ తిరిగే గాడిని తినేస్తుంది. కొత్త గ్రీజుతో ఆ గుంటలు పూడవు.

బూటు పని తెలిసిన మెకానిక్కు జాయింటు ఊడదీసి, పాత గ్రీజంతా కడిగి ఆరబెట్టి, కిట్టులో వచ్చిన ప్యాకెట్టు మొత్తం నింపుతాడు. అది మాలిబ్డినం కలిసిన నల్ల గ్రీజు. డబ్బాలోంచి మామూలు గ్రీజు తీస్తుంటే వద్దనండి. రెండు క్లాంపులూ స్టీలువే పడాలి. ప్లాస్టిక్ ట్యాగు కడితే బూటు జారి మళ్లీ రిమ్ము నల్లబడుతుంది. యాక్సిల్ విప్పకుండా అతికించే చీలిక బూట్ల జోలికి పోవద్దు.

యాక్సిల్ లాగినప్పుడు గేర్ ఆయిల్ కారుతుంది. ఆయిల్ సీలు అప్పుడే మార్పించండి, లేకపోతే ఇదే కూలి మళ్లీ ఇచ్చుకోవాలి. ఆయిల్‌ని లెవల్ దాకా తిరిగి పోయించండి; కొన్ని షెడ్లలో మరిచిపోయేది ఇదే. యాక్సిల్ నట్టు కొత్తది వేసి టార్క్ రెంచితో (ఎంత బిగుతో కొలిచే పానాతో) బిగించాలి.

రీకండిషన్ సరుకు మీద మాకు నమ్మకం తక్కువ. పైన కొత్త పెయింటు, కొత్త బూటు ఉన్నా లోపల పాత గాడే ఉండొచ్చు. బూటు వెనక్కి తీయించి గాడి వెంట గోరు పెట్టి చూడండి. ఎక్కడ గోరు తట్టుకున్నా ఆ యాక్సిల్ వద్దు, తీసి చూపించనన్నా వద్దు. టకటక వచ్చిన కారుకి కొత్తదే సరి. పాతదాని పక్కన పెట్టి పొడవు, స్ప్లైన్ల (కొన మీది గాట్ల) లెక్క, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) కారైతే చక్రం వేగం కొలవడానికి ఉండే పళ్ల రింగు సరిచూసుకోండి.

బండి లేపారు కాబట్టి లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కిందివైపు బండికి పట్టి ఉంచే భాగం) కూడా ఊపి చూడమనండి. ఆర్మ్‌లోని రబ్బరు బుష్ ఒక్కటే చితికితే ప్రెస్సు మీద కొత్తది ఎక్కించొచ్చు. ఆర్మ్‌ని చక్రానికి కలిపే బాల్ జాయింటు లూజైతే రిపేరు మాటే ఎత్తొద్దు, ఆర్మ్ మొత్తం మార్పించడమే మేలు. ఆ జాయింటు ఊడితే పరుగులో చక్రం పక్కకి వాలిపోతుంది. బుష్ బోల్టుల ఆఖరి బిగింపు బండి బరువు చక్రాల మీద పడ్డాకే చేయించండి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది.