ఇంట్లో రికార్డింగ్‌కు ఏది మేలు: యూఎస్‌బీ కండెన్సరా, ఇంటర్‌ఫేసా, డైనమిక్‌ మైకా?

కంప్యూటర్‌లో పాటో, పాడ్‌కాస్టో, ఆడియో పుస్తకమో రికార్డు చేయాలనుకునేవాళ్లకు తక్కువ ఖర్చులో మూడు దారులున్నాయి. నేరుగా యూఎస్‌బీ పోర్టుకు తగిలించే కండెన్సర్‌ (చిన్న శబ్దాన్నీ పట్టే సున్నితమైన) మైకు ఒకటి. మైకును కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌ అనే పెట్టె కొని, దానికి ఎక్స్‌ఎల్‌ఆర్‌ (మూడు పిన్నుల మైకు కేబుల్‌తో కలిసే) కండెన్సర్‌ మైకు పెట్టుకోవడం రెండోది. యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్‌ సాకెట్లు రెండూ ఉన్న డైనమిక్‌ (కండెన్సర్‌ అంత సున్నితం కాని) మైకు మూడోది. గొంతు ఒక్కటే రికార్డు చేసేవాళ్లకు, అందులోనూ రోడ్డు పక్క ఇంట్లో ఉండేవాళ్లకు మూడోదే మేలు. వీణ, వయొలిన్‌, వేణువు లాంటి వాద్యాలకు మాత్రం రెండోదే సరైనది.

కాగితం మీద చూస్తే కండెన్సరే గెలుస్తుంది. ఆడియో-టెక్నికా ఏటీ2020 అనే కండెన్సర్‌ 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ వరకు అందుకుంటుంది. స్టేజీల మీద కనిపించే ష్యూర్‌ ఎస్‌ఎం58 డైనమిక్‌ మైకు 50 నుంచి 15,000 దగ్గర ఆగిపోతుంది. సెన్సిటివిటీలోనూ, అంటే అదే శబ్దానికి ఎంత గట్టి సిగ్నల్‌ ఇస్తుందన్న లెక్కలోనూ, ఏటీ2020 సుమారు 17 డెసిబెల్స్‌ ముందుంటుంది. అయితే ఇంట్లో పని చెడగొట్టేది మైకు కాదు, గది.

డైనమిక్‌ మైకు చుట్టుపక్కల శబ్దాన్ని పట్టుకోదని చాలామంది చెబుతారు. అది సగమే నిజం. సెన్సిటివిటీ తక్కువైతే ఫ్యాను హోరుతోపాటు మీ గొంతూ తగ్గుతుంది. గెయిన్‌ (మైకు సిగ్నల్‌ను పెంచే స్థాయి) పెంచగానే రెండూ కలిసి పైకి వస్తాయి. అసలు తేడా దూరంలో ఉంది. నోటికీ మైకుకీ మధ్య దూరం సగమైతే గొంతు దాదాపు 6 డెసిబెల్స్‌ పెరుగుతుంది, ఫ్యాను మాత్రం ఉన్నంతే ఉంటుంది. 20 సెంటీమీటర్ల నుంచి 5కు వస్తే 12 డెసిబెల్స్‌ లాభం. డైనమిక్‌ మైకు అంత దగ్గరగా పెట్టినా తట్టుకుంటుంది. కండెన్సర్‌ ముందు ఆ దూరంలో ‘భక్తి’, ‘ఫలం’ అంటే చాలు, ‘భ’, ‘ఫ’ గాలి తగిలి ధబ్‌మని మోగుతుంది. దానికి పాప్‌ ఫిల్టర్‌ (నోటి గాలిని ఆపే జల్లెడ తెర) పెట్టి 15 సెంటీమీటర్లు వెనక్కి జరగాలి. జరిగితే రికార్డింగ్‌లో గది ప్రతిధ్వనిని వింటారు.

యూఎస్‌బీ కండెన్సర్‌కు ఉన్న సుగుణం సులువు. కేబుల్‌ పెట్టగానే కంప్యూటర్‌ గుర్తిస్తుంది. ఆన్‌లైన్‌ క్లాసులకు, నిశ్శబ్దంగా ఉండే గదిలో వాయిస్‌ ఓవర్‌కు సరిపోతుంది. కొనేముందు మైకు మీదే హెడ్‌ఫోన్‌ జాక్‌ ఉందో లేదో చూడండి. లేకపోతే మీ గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగి చెవికి ఆలస్యంగా చేరుతుంది, ట్రాక్‌ (ముందే రికార్డయిన సంగీతం) మీద పాడటం కుదరదు. రేపు స్నేహితుడితో పాడ్‌కాస్ట్‌ చేద్దామని రెండో యూఎస్‌బీ మైకు కొన్నా చిక్కే. ఒక్కో మైకుకు రికార్డింగ్‌ వేగాన్ని నడిపే క్లాక్‌ ఒక్కోటి ఉంటుంది. గంటసేపు రికార్డు చేస్తే రెండు ట్రాకులు మెల్లగా జారి మాటలు కలవకుండా పోవచ్చు.

అతి చవకగా దొరికే బీఎం-800 తరహా కిట్ల దగ్గర ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. వాటితో వచ్చే 3.5 మిల్లీమీటర్ల పిన్నును ల్యాప్‌టాప్‌కు పెడితే గొంతు నూతిలోంచి వచ్చినట్టు సన్నగా, సర్రుమనే శబ్దంతో వస్తుంది. కండెన్సర్‌కు కావాల్సింది 48 వోల్టుల ఫాంటమ్‌ పవర్‌, అంటే ఇంటర్‌ఫేస్‌ నుంచి మైకు కేబుల్‌లోనే వచ్చే కరెంటు. ల్యాప్‌టాప్‌ జాక్‌ ఇచ్చేది కొద్ది వోల్టులే. పైగా మైకుకూ హెడ్‌ఫోన్‌కూ కలిపి ఒకే కాంబో జాక్‌ ఉన్న ల్యాప్‌టాప్‌ మూడు భాగాల పిన్నును మైకుగా గుర్తించకపోవచ్చు. దానికి నాలుగు భాగాల పిన్ను కావాలి.

ఇంటర్‌ఫేస్‌ దారిలో వెళ్లేవాళ్లు ముందు ఇన్‌పుట్లు లెక్కపెట్టుకోవాలి. బెహ్రింగర్‌ యూఎమ్‌2, ఫోకస్‌రైట్‌ స్కార్లెట్‌ సోలో రెండింటిలోనూ మైకు ప్రీయాంప్‌ (మైకు సిగ్నల్‌ను పెంచే భాగం) ఒక్కటే. రెండో సాకెట్‌ గిటార్‌ లాంటి వాటికి. ఇద్దరు మాట్లాడాలంటే యూఎమ్‌సీ202హెచ్‌డీ గానీ, స్కార్లెట్‌ 2ఐ2 గానీ కావాలి. రెండు బ్రాండ్ల మధ్య ఒక ముఖ్యమైన తేడా డ్రైవర్‌, అంటే ఇంటర్‌ఫేస్‌ను కంప్యూటర్‌తో నడిపే సాఫ్ట్‌వేర్‌. స్కార్లెట్‌కు సొంత ఏఎస్‌ఐఓ (విండోస్‌లో ఆలస్యాన్ని తగ్గించే) డ్రైవర్‌ ఉంది. యూఎమ్‌2తో విండోస్‌లో సాధారణంగా ఏఎస్‌ఐఓ4ఆల్‌ అనే అందరికీ ఉమ్మడి డ్రైవర్‌ మీద ఆధారపడాలి. మాట రికార్డింగ్‌కు ఇది పెద్ద లోటు కాదు. ట్రాక్‌ వింటూ పాడేవాళ్లు స్కార్లెట్‌ వైపు మొగ్గడమే మంచిది. 48 కిలోహెర్ట్జ్‌ శాంపిల్‌ రేటు (సెకనుకు ధ్వనిని కొలిచే సార్లు) దగ్గర బఫర్‌ (కంప్యూటర్‌ ఒకేసారి తీసుకునే శాంపిళ్ల సంఖ్య) 128 పెడితే ఒక వైపు ఆలస్యం 2.7 మిల్లీసెకన్లు, 512 పెడితే దాదాపు 11. పాడేటప్పుడు 128, మిక్సింగ్‌లో 512.

ఇంటర్‌ఫేస్‌కు డైనమిక్‌ మైకు తగిలిస్తే గెయిన్‌ సరిపోతుందా అన్నది న్యాయమైన ప్రశ్నే. ఎస్‌ఎం58కు మూడో తరం సోలో ఇచ్చే 56 డెసిబెల్స్‌ చాలు. పాడ్‌కాస్టుల్లో కనిపించే ష్యూర్‌ ఎస్‌ఎం7బీకి మాత్రం కనీసం 60 కావాలి. అందుకే ఈ బడ్జెట్‌లో ఆ మైకు జోలికి వెళ్లొద్దు.

మూడో దారికి మంచి ఉదాహరణలు శాంసన్‌ క్యూ2యూ, ఆడియో-టెక్నికా ఏటీఆర్‌2100ఎక్స్‌. ఇవాళ యూఎస్‌బీతో మొదలుపెట్టి, రేపు ఇంటర్‌ఫేస్‌ కొన్నాక అదే మైకును ఎక్స్‌ఎల్‌ఆర్‌తో వాడుకోవచ్చు. కొన్నది ఏదీ మూలన పడదు. రెండింటికీ హెడ్‌ఫోన్‌ జాక్‌ ఉంది. మిగిలిన డబ్బుతో వెనక మూసి ఉన్న హెడ్‌ఫోన్లు కొనండి, ఏటీహెచ్‌-ఎం20ఎక్స్‌ లాంటివి చాలు. బ్లూటూత్‌వి వద్దు, ఆలస్యం చెవికి తెలిసిపోతుంది. స్పీకర్లు తర్వాత చూసుకోవచ్చు.

ఇక గది. టైల్స్‌ నేల, ఖాళీ గోడలు ఉన్న గదిలో ఏ మైకైనా మోగుతుంది. ఇలాంటి మైకుల్లో ఎక్కువగా ఉండే కార్డియాయిడ్‌ రకం ముందు వైపే ఎక్కువ వింటుంది, అంటే మీ వీపు వెనక గోడను చూస్తూ ఉంటుంది. మందపాటి బొంతో పరుపో వేలాడదీయాల్సింది అక్కడ. మైకు వీపు కిటికీ వైపుండాలి. కోడిగుడ్ల అట్టలతో పని జరగదు. పలచటి ఫోమ్‌ పై స్థాయి శబ్దాల ప్రతిధ్వనిని కొంత తగ్గిస్తుందే గానీ బయటి హారన్లను ఆపదు. 80 హెర్ట్జ్‌ హైపాస్‌ ఫిల్టర్‌తో (అంతకన్నా కింది శబ్దాలను తగ్గించేది) ఫ్యాను గుమ్మనడం తగ్గుతుంది, గాలి హోరు పోదు. రికార్డింగ్‌ అయ్యేదాకా ఫ్యాను ఆపాల్సిందే.

గుయ్‌మనే శబ్దం వస్తే చార్జర్‌ తీసి బ్యాటరీ మీద నడపండి. పోయిందంటే దోషం చాలావరకు ఎర్తింగ్‌దో చార్జర్‌దో. ఎర్త్‌ సరిగా ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కు మార్చండి. ఎర్త్‌ పిన్ను తీసేసి వాడటం ప్రాణాపాయం. టిక్‌ టిక్‌మని తెగుతుంటే యూఎస్‌బీ హబ్‌ తీసేసి నేరుగా పోర్టుకు పెట్టండి, విండోస్‌లోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ ఒకటే శాంపిల్‌ రేటు ఉందేమో చూడండి. లెవెల్‌ పెట్టేటప్పుడు అత్యంత గట్టిగా పాడే చోటు సాఫ్ట్‌వేర్‌ మీటర్‌లో మైనస్‌ 12 డెసిబెల్స్‌ తాకితే చాలు (సున్నా దాటితే ధ్వని చెడుతుంది), 24 బిట్‌ రికార్డింగ్‌లో అంత ఖాళీ ఉంచినా నాణ్యత తగ్గదు.

విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో కండెన్సర్‌ కొనేవాళ్లు మరొకటి పట్టించుకోవాలి. క్యాప్సూల్‌కు (మైకులో శబ్దాన్ని పట్టే భాగానికి) తేమ పడితే చిటపటలు మొదలవుతాయి. పని అయ్యాక మైకును స్టాండుకే వదిలేయకుండా, సిలికా జెల్‌ పొట్లాలతో మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి.