విట్బీలో ఒక్కరోజే ఉంటే: అబ్బీనా, చర్చినా, పబ్బా?

మేం ఉండేది ఇంగ్లండ్ ఈశాన్యంలో మిడిల్స్‌బ్రో అనే ఊళ్లో. ఇండియా నుంచి అమ్మానాన్నలొచ్చినా, లండన్ నుంచి స్నేహితులొచ్చినా తీసుకెళ్లేది విట్బీకే. ఆరేళ్లలో ఎన్నిసార్లు వెళ్లానో లెక్కపెట్టుకోలేదు కానీ, వెళ్లిన ప్రతిసారీ కార్లో నడిచే చర్చ మాత్రం ఒకటే: ముందు ఏది చూద్దాం, ఏది వదిలేద్దాం. ఊరు చిన్నదే, ఎస్క్ నది సముద్రంలో కలిసేచోట రెండు కొండల మధ్య ఇరుక్కుని ఉన్న చేపలరేవు. కానీ చూడాల్సినవి బోలెడు, చలికాలమైతే నాలుగు దాటేసరికి చీకటి పడిపోతుంది. అందుకని నా జవాబు ముందే చెప్పేస్తాను. ఒక్కటే చూసే వీలుంటే సెయింట్ మేరీస్ చర్చి చూడండి. అబ్బీ, అంటే పాత మఠం శిథిలాలు, ఆ తర్వాతే.

ఈ మాటకి మా ఇంట్లోనే అందరూ ఒప్పుకోరు. విట్బీ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది కొండమీద పైకప్పు లేకుండా నిలబడ్డ ఆ అబ్బీ గోడలే కదా. దాని చరిత్ర కూడా తక్కువదేం కాదు. 657లో హిల్డ్ అనే రాజవంశపు సన్యాసిని ఇక్కడ మఠం పెట్టింది. ఆడవాళ్లూ మగవాళ్లూ ఇద్దరూ ఉండే మఠానికి ఒక స్త్రీ పెద్దగా ఉండడం, అదీ ఏడో శతాబ్దంలో! 664లో ఈస్టర్ పండగ ఏ రోజు చేసుకోవాలో తేల్చడానికి పెద్ద సభ జరిగింది ఈ మఠంలోనే. ఐర్లండ్ పద్ధతి పాటించేవాళ్లూ, రోమ్ పద్ధతి పాటించేవాళ్లూ వాదించుకుంటే నార్తంబ్రియా రాజు ఓస్వియు రోమ్ వైపు తీర్పు చెప్పాడు. ఇంగ్లండ్ చర్చి నడిచే దారి మారింది అక్కడే.

నాకు ఇంతకంటే ఇష్టమైన కథ కేడ్మన్‌ది. అతను మఠంలో పశువులు కాసేవాడు. విందుల్లో వీణలాంటి వాయిద్యం చేతులు మారుతూ తన దగ్గరికొస్తుంటే, పాడటం రాదని సిగ్గుపడి లేచి కొట్టంలోకి వెళ్లిపోయేవాడట. ఒక రాత్రి కలలో ఎవరో వచ్చి 'పాడు' అన్నారు, పాడేశాడు. పొద్దున్నే ఆ సంగతి హిల్డ్‌కి తెలిసింది, పశువుల కొట్టం నుంచి అతన్ని మఠంలోకి తీసుకుంది. తొమ్మిది పాదాల స్తుతి ఒకటి మాత్రం ఇప్పటికీ మిగిలింది. పేరు తెలిసిన కవుల్లో ఇంగ్లిష్‌కి మొదటివాడు అతనే. మనకు నన్నయలాగా వాళ్లకు ఈ పశువుల కాపరి ఆదికవి అన్నమాట.

మరి ఇంత ఉన్నా అబ్బీని ఎందుకు రెండోదంటున్నానంటే, మీకు కనిపించేది హిల్డ్ మఠం కాదు. దాన్ని డేనిష్ దాడులు తుడిచిపెట్టేశాయి, ఆ కాలపు గోడ ఒక్కటి కూడా నేలపైన లేదు. 1078 ప్రాంతంలో మళ్లీ మఠం వెలిసింది, ఇప్పుడున్న గోడలు 13వ శతాబ్దంలో మొదలెట్టి తర్వాతి కాలాల్లో కట్టుకుంటూ పోయినవి. 1539లో ఎనిమిదో హెన్రీ మూయించాక గాలికీ వానకీ వదిలేశారు. 1762లో ఒక భాగం, 1830లో మధ్య గోపురం కూలిపోయాయి. 1914 డిసెంబర్ 16న జర్మన్ యుద్ధనౌకలు ఊరిమీద గుండ్లు పేలిస్తే పడమటి ముఖం దెబ్బతింది. అక్కడ నిలబడితే అద్భుతంగా ఉంటుంది, నిజమే, కానీ ఆ కథంతా మీకు తెలిసి ఉండాలి, లేదా మ్యూజియంలో బోర్డులన్నీ ఓపిగ్గా చదవాలి. చదవని పిల్లలకీ పెద్దవాళ్లకీ పావుగంటలో అయిపోతుంది. పైగా టికెట్ ఉంది. పాత కట్టడాలు చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ సభ్యత్వం ఉంటే వేరే సంగతి, నిస్సంకోచంగా వెళ్లండి.

ఇంకో మాట, పొగమంచు. ఇక్కడివాళ్లు ఫ్రెట్ అంటారు, ఎండాకాలంలో కూడా సముద్రం మీంచి ఒక్కసారిగా వచ్చి కమ్మేస్తుంది. మొదటిసారి అమ్మానాన్నల్ని తీసుకెళ్లినప్పుడు టికెట్లు కొని లోపలికెళ్లిన పది నిమిషాలకి వచ్చేసింది. గోడలు సగం దాకే కనిపిస్తున్నాయి, పైభాగం లేదు, సముద్రం లేదు, ఊరు లేదు. అమ్మ శాలువా తలమీదకి లాక్కుని ఓ బండమీద కూర్చుంది, మొహంలో నిరాశ కనిపిస్తూనే ఉంది. ఎక్కడికైనా లోపలికి పోదామని పక్కనే ఉన్న చర్చి తలుపు తోశాం. నా అభిప్రాయం మారింది ఆ రోజే.

బయట నుంచి చూస్తే సెయింట్ మేరీస్ ఏమంత గొప్పగా ఉండదు. పొట్టిగా, ఇష్టమొచ్చినట్టు పెంచుకుంటూ పోయిన ఇల్లులా ఉంటుంది. మొదట కట్టింది 1110 ప్రాంతంలో. లోపలికి అడుగుపెడితే ఒక్క క్షణం ఓడలో ఉన్నామా అనిపిస్తుంది. తక్కువ ఎత్తు పైకప్పు, దాంట్లో కిటికీలు, అన్నివైపులా చెక్క గ్యాలరీలు. ఓడలు కట్టే వడ్రంగులే ఈ పైకప్పు కట్టారని చెబుతారు, చూస్తే నమ్మాలనిపిస్తుంది. కూర్చునే చోట్లు మామూలు బెంచీలు కావు, పాత సినిమాహాల్లో బాక్సుల్లాగా చుట్టూ చెక్క గోడ, ఒక్కోదానికి తలుపు. చలిగాలి తగలకుండా కుటుంబమంతా లోపల కూర్చుని తలుపేసుకునేవాళ్లు. నడిమధ్యలో పొయ్యి, దాని గొట్టం పైకప్పు దాకా. షాండ్లియర్‌లో ఉన్నవి బల్బులు కావు, కొవ్వొత్తులు.

ఆ తలుపుల్లో కొన్నింటిమీద 'కొత్తవాళ్లకు మాత్రమే' అని ఇంగ్లిష్‌లో రంగుతో రాసి ఉంటుంది. రేవుకి ఓడలమీద వచ్చే పరాయివాళ్ల కోసం అట్టిపెట్టిన సీట్లవి. అమ్మకి దాని అర్థం చెప్పగానే తలుపు తీసుకుని వెళ్లి కూర్చుంది, "మనకోసమే ఉంచారు కదా" అంటూ. ఆ చెక్కని చేత్తో తడిమితే నున్నగా ఉంటుంది, ఎన్ని చేతులు తగిలి అలా అరిగిందో.

మూడంతస్తుల ప్రసంగ వేదిక 1778 నాటిది. దాని వెనకవైపు చూడటం మర్చిపోకండి, బూరల్లాంటి గొట్టాలు రెండు ఉంటాయి. 19వ శతాబ్దం మొదట్లో ఇక్కడి పాదిరిగారి భార్యకు చెవులు సరిగా వినపడేవి కావు. పైనుంచి భర్త చెప్పేది ఆమె కింద కూర్చుని చెవి దగ్గర పెట్టుకుని వినడానికి పెట్టించినవి. ఇక ముందువైపు, పూజాపీఠానికి సరిగ్గా అడ్డంగా, మెలికలు తిరిగిన స్తంభాలమీద జమీందార్లయిన చమ్లీ కుటుంబం తమ సీటు కట్టించుకుంది. మిగతా ఊరందరికీ దేవుడి కంటే ముందు వాళ్లే కనపడాలన్నట్టు! నాకది చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది, కానీ చూడాల్సిందే, ఊళ్లో ఎవరి మాట చెల్లేదో ఒక్క సీటు చెప్పేస్తుంది.

అన్నిటికంటే నన్ను నిలబెట్టేసేది 1861 ఫిబ్రవరి 9 నాటి లైఫ్‌బోట్ స్మారకం. ఆ రోజు తుఫానులో ఒడ్డుకి కొట్టుకొస్తున్న ఓడల దగ్గరికి ఇక్కడి జాలర్లు ఐదుసార్లు పడవేసుకుని వెళ్లి మనుషుల్ని కాపాడారు. ఆరోసారి వెళ్లినప్పుడు పడవ తిరగబడింది. 13 మందిలో 12 మంది పోయారు, అందరూ చూస్తుండగానే. బతికింది హెన్రీ ఫ్రీమన్ ఒక్కడే, కొత్తరకం బెండు జాకెట్టు వేసుకున్నది అతనొక్కడే కాబట్టి. ఇది చదివి బయటికొచ్చి కింద రేవువైపు చూస్తే ఊరు వేరేగా కనపడుతుంది. అబ్బీలో రాజులూ మఠాధిపతులూ ఉన్నారు, చర్చిలో ఉన్నది చేపలు పట్టుకుని బతికిన ఈ ఊరి జనం. నా ఓటు చర్చికి పడటానికి కారణం ఇదే.

చుట్టూ సమాధులు. ఇసుకరాళ్లు, ఉప్పుగాలికి తేనెపట్టులా తినేసి అక్షరాలు మాయమైపోయాయి. కొండచరియ విరిగిపడుతూ ఉంటుంది కాబట్టి కంచె దాటొద్దు, పిల్లల్ని పట్టుకునే ఉండండి. అన్నట్టు డ్రాక్యులా సమాధి ఎక్కడని చర్చిలోవాళ్లని అడక్కండి, అడగొద్దని వాళ్లు బోర్డే పెట్టుకున్నారు పాపం. డ్రాక్యులా అనే రక్తపిశాచి నవల రాసిన బ్రామ్ స్టోకర్ 1890లో ఈ ఊళ్లో బస చేసిన మాట నిజం, డ్రాక్యులా మాత్రం కల్పన. చర్చికి టికెట్ లేదు, హుండీలో తోచింది వేయండి. చీకటి పడకముందే మూసేస్తారు, ఆలస్యం చేయొద్దు.

పైకి రావడానికి 199 మెట్లు. అలిపిరి నుంచి నడిచి వెళ్లినవాళ్లకి ఇదొక లెక్కే కాదు, కాకపోతే రాళ్లు అరిగిపోయి ఉంటాయి, వానలో జారతాయి. మధ్యలో బల్లల్లా వెడల్పు చోట్లున్నాయి, శవపేటిక మోసుకొచ్చేవాళ్లు దించుకుని ఊపిరి తీసుకోవడానికి పెట్టినవి. ఆ సంగతి తెలియకుండా అందరం వాటిమీద కూర్చుని ఫొటోలు దిగుతాం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఉంటే అబ్బీ పక్కన కార్ పార్కింగ్ ఉంది, అక్కడి నుంచి చర్చికి దాదాపు చదునుగా నడిచి రావచ్చు.

దిగాక పబ్బు. పబ్ అనగానే మనవాళ్లలో కొందరు వెనక్కి తగ్గుతారు, తాగేవాళ్లకే అనుకుని. అదేం లేదు, కాఫీ, నిమ్మకాయ సోడా, సూప్ తీసుకుని ఓ గంట కూర్చున్నా ఎవరూ ఏమనరు. కౌంటర్ దగ్గరికి మనమే వెళ్లి ఆర్డర్ చెప్పాలి, అంతే. పిల్లలుంటే ముందే అడగండి. మెట్లకి సరిగ్గా కిందే డ్యూక్ ఆఫ్ యార్క్, ఇంకొంచెం ముందుకెళితే చర్చ్ స్ట్రీట్‌లోనే బ్లాక్ హార్స్. ఏది మేలంటే, కుటుంబంతో వెళితే డ్యూక్ ఆఫ్ యార్క్: కిటికీ పక్కన టేబుల్ దొరికితే రేవంతా కనపడుతుంది, వచ్చే పడవలూ పోయే పడవలూ చూస్తూ కూర్చోవచ్చు. శనాదివారాల్లో మాత్రం ఆ టేబుల్ మీద ఆశ పెట్టుకోకండి. పాతకాలపు పబ్ అంటే ఎలా ఉండేదో చూడాలనుకుంటే బ్లాక్ హార్స్, విక్టోరియా కాలపు కౌంటర్, చిన్న గది, ముక్కుపొడుం కూడా అమ్మే అలవాటున్న చోటు. నలుగురి కంటే ఎక్కువుంటే ఇరుకు. ఇద్దరే వెళితే నేనైతే కళ్లు మూసుకుని బ్లాక్ హార్స్ అంటాను.

తిండి గురించి ఒక హెచ్చరిక, ఇది దయచేసి పట్టించుకోండి. యార్క్‌షైర్‌లో చాలా ఫిష్ అండ్ చిప్స్ షాపుల్లో వేయించేది నూనెలో కాదు, గొడ్డు కొవ్వులో. చేప తినని అమ్మకి చిప్స్ ఒక్కటే కొనిపెట్టాం ఓ షాపులో, సగం తిన్నాక గోడమీద రాసి ఉన్నది చూశాను. అమ్మ ఏమీ అనలేదు, పొట్లం పక్కన పెట్టేసింది. అప్పటి నుంచి ఎక్కడైనా ముందు "దేంట్లో వేయిస్తారు?" అని అడిగాకే లైన్లో నిలబడతాను. మీరూ అడగండి, వాళ్లు విసుక్కోరు, కొన్నిచోట్ల నూనెలో విడిగా వేయించి ఇస్తారు కూడా. చేప తినేవాళ్లయితే హెన్రియెట్టా స్ట్రీట్‌లో 1872 నుంచి ఉన్న ఫార్చ్యూన్స్ దగ్గర కిప్పర్ తీసుకోండి, హెర్రింగ్ చేపని వీపువైపు చీల్చి పొగబెట్టింది. కారులో వాసన వారం పోదు, డబ్బా తీసుకెళ్లండి.

చివరిగా, విట్బీనా, రాబిన్ హుడ్స్ బేనా అని కూడా అడుగుతుంటారు. దక్షిణంగా ఆరు మైళ్లే, ఎక్స్93 బస్సుంది. ఊరు ముద్దొస్తుంది, ఒకదానిమీద ఒకటి ఎక్కినట్టుండే ఇళ్లు. దొంగ సరుకు రోజుల్లో ఒడ్డున దించిన పట్టుబట్టల మూట ఇంట్లోంచి ఇంట్లోకి మారుతూ వీధిలోకి రాకుండానే కొండపైకి చేరిపోయేదని చెప్పుకుంటారు. లారెల్ ఇన్ అని బుల్లి పబ్, బార్ గది బండరాయిలో తొలిచింది. 1821-22లో కట్టిన పాత సెయింట్ స్టీఫెన్స్ చర్చి కూడా విట్బీ చర్చిలా పెట్టెల సీట్లతోనే ఉంటుంది. పెళ్లికాకుండా పోయిన అమ్మాయిల శవయాత్రలో మోసిన కాగితపు దండలు అక్కడ ఇంకా దాచారు. చూసి తట్టుకోవడం కష్టం. అది ఊరి నడుమ కాదు, పైన కొండమీద ఉంది, అన్ని రోజులూ తెరిచి ఉండదు.

కానీ ఒక్కరోజే అంటే విట్బీయే. బేలో కార్లు పైనే ఆపాలి, నిటారు వాలు, దిగేటప్పుడు హాయిగానే ఉంటుంది, అలిసిపోయాక సాయంత్రం ఎక్కాలి. విట్బీలో ఎక్కడం పొద్దున్నే అయిపోతుంది. రెండు రోజులుంటే రెండోది బేకి ఇవ్వండి. 1881 జనవరిలో విజిటర్ అనే ఓడ అక్కడ ప్రమాదంలో పడితే, సముద్రం మీద వెళ్లలేక, విట్బీ లైఫ్‌బోట్‌ని ఏడడుగుల మంచులో 18 గుర్రాలు, 200 మంది మనుషులు రోడ్డుమీద లాక్కుని వెళ్లారు. ఆ వాలు మీదుగానే కిందికి దించారు. బస్సు దిగి అదే వాలు నడుస్తుంటే పడవ ఎంత బరువుండేదో కాళ్లకి తెలుస్తుంది. ఆ రోజు పడవ నడిపించినవాడు హెన్రీ ఫ్రీమన్. ఓడలో ఉన్నవాళ్లందరినీ ఒడ్డుకి తెచ్చాడు.