బెంగళూరు యూనివర్సిటీకి మెట్రోలో: అనంతపురం నుంచి పిల్లల్ని పంపేవాళ్ల కోసం

మా పాప బెంగళూరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేస్తోంది. మన అనంతపురం నుంచి పిల్లల్ని అక్కడ చేర్పించేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి, రైలు దిగినప్పటి నుంచి క్యాంపస్ చేరేదాకా మెట్రో ఎలా ఉందో రాస్తున్నాను. ఇప్పటికి నాలుగుసార్లు పోయొచ్చాను.

మన బండి కేఎస్ఆర్ బెంగళూరు స్టేషన్లో దిగుతాం కదా, మెట్రో స్టేషన్ దాని పక్కనే, భూమి లోపల. పర్పుల్ లైన్లో మాగడి రోడ్డు వైపు పోయే రైలెక్కితే తొమ్మిదో స్టేషన్ జ్ఞానభారతి, యూనివర్సిటీకి దిగాల్సింది అక్కడే. విజయనగర్, అత్తిగుప్పె దాటాక మైసూరు రోడ్డు వస్తుంది, కింద లారీలు బస్సులు ఆటోలు కదలకుండా నిలబడి ఉంటాయి, మనం పైన ఏసీలో పోతుంటాం. పక్కనే వృషభావతి నది, పేరుకే నది, మురుగంతా దాన్లోనే. స్టేషన్ చోట తలుపులు తెరుచుకోగానే ఆ వాసన లోపలికొస్తుంది.

ఈ లైన్ 2015లో మైసూరు రోడ్డు స్టేషన్ దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడి నుంచి కెంగేరి దాకా ఏడున్నర కిలోమీటర్లు పొడిగించి 2021 ఆగస్టు 29న ప్రారంభించారు. జ్ఞానభారతి స్టేషన్ ఆ ముక్కలోనే ఉంది. యూనివర్సిటీ పెట్టింది 1964లో, అంటే గేటు దగ్గరికి రైలు రావడానికి అన్నేళ్లు పట్టింది.

ఆ ఏడున్నర కిలోమీటర్ల విలువ నాకు బాగా తెలుసు. నేను మన అనంతపురం ఎస్కే (శ్రీకృష్ణదేవరాయ) యూనివర్సిటీలో ఎంఏ చదివాను. ఊరికి సుమారు పది కిలోమీటర్లు, అంతే. కానీ టవర్ క్లాక్ దగ్గర బస్సు కోసం నిలబడితే వచ్చిన బస్సుకు ఫుట్‌బోర్డు మీద కూడా చోటుండేది కాదు. సాయంత్రం లైబ్రరీలో నోట్సు రాసుకుంటున్నా కళ్లు గోడ గడియారం మీదే, ఎందుకంటే ఆ బస్సు పోతే చీకట్లో చెన్నై హైవే మీద ఏ ఆటో వస్తుందో, అందులో ఎవరుంటారో తెలియదు. సగం చదివిన పుస్తకం మూసేసి పరిగెత్తేవాళ్లం. అలా ఎన్ని పుస్తకాలు సగంలో వదిలేశానో.

మా పాప విజయనగర్‌లో పీజీ హాస్టల్లో ఉంటోంది. రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ చేసి "అమ్మా, మెట్రోలో ఉన్నా" అంటుంది, వెనక నుంచి "ముందిన నిల్దాణ అత్తిగుప్పె", అంటే తర్వాతి స్టేషన్ అత్తిగుప్పె అని కన్నడంలో చెప్పడం వినిపిస్తుంది. ఆ మాట చెవిన పడగానే నా టెన్షన్ పోతుంది. మొదటి బోగీ ఆడవాళ్లదే, దాంట్లోనే ఎక్కమని చెప్పాను. రైలు ప్రయాణానికి నేను ఐదుకు నాలుగున్నర ఇస్తాను.

ఇక ఇబ్బందులు. స్టేషన్ పేరు జ్ఞానభారతే గానీ, మనల్ని దింపేది మైసూరు రోడ్డు మీద. లోపల క్యాంపస్ 1,100 ఎకరాలు, డిపార్టుమెంట్లు చెట్ల మధ్య ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. అడ్మిషన్ రోజున దగ్గరే కదా అని పెద్ద సూట్‌కేస్ లాగుతూ నడిచాం, దారిలో ఒక చక్రం ఊడిపోయింది, తర్వాత ఇద్దరం చెరోవైపు పట్టుకుని మోశాం. ఆటో అడిగితే దగ్గరని రానన్నాడు, వస్తానన్నవాడు చెప్పిన రేటు మెట్రో టికెట్ కంటే ఎక్కువ. గేటు నుంచి పిల్లల్ని లోపలికి చేర్చడానికి, స్టేషన్ మెట్ల దగ్గరే నిలబడి ఉండే చిన్న బస్సులు కావాలి. ఈ భాగానికి రెండు మార్కులకు మించి ఇవ్వలేను.

చార్జీలు కూడా బరువే. 2025 ఫిబ్రవరిలో గరిష్ఠ చార్జీ 60 నుంచి 90 రూపాయలు చేశారు. స్మార్ట్ కార్డు ఉంటే కొంచెం తగ్గుతుంది గానీ, విద్యార్థులకని ప్రత్యేకంగా పాస్ లేదు. మన ఆర్టీసీలో స్టూడెంట్ పాస్ ఉన్నట్టు అక్కడా ఉండాలి, రోజూ పోయొచ్చే పిల్లలకు నెలకు అదే పెద్ద ఖర్చు. కర్ణాటక బస్సుల్లో ఆడవాళ్లకు ఫ్రీ అంటారు, అది అక్కడి అడ్రస్ ఉన్నవాళ్లకే, మన ఆధార్ పనికిరాదు.

ఎస్కేయూకి మెట్రో వేయమని నేను అడగను. ఊళ్లోంచి పావుగంటకో బస్సు, రాత్రి తొమ్మిది దాకా, అది చాలు. ఆ ఒక్కటీ ఉంటే మన ఆడపిల్లలు లైబ్రరీ మూసేదాకా కూర్చుంటారు.

పోయేవాళ్లకు రెండు మాటలు. రైలు మీద రాసిన పేరు చూసుకుని ఎక్కండి, అన్నీ ఆ వైపు చివరి స్టేషన్ చల్లఘట్ట దాకా పోవు, కొన్ని మధ్యలోనే వెనక్కి తిరుగుతాయి. శనివారం రాత్రి బండికి మాత్రం టికెట్ తీయకండి. ఆదివారం మెట్రో ఉదయం ఏడుకు గానీ మొదలవదు, మేం ఐదున్నరకే దిగి, సామాన్లు ముందు పెట్టుకుని చలిలో గంటన్నర కూర్చున్నాం.